చెయ్యి ఊపితే చాలా?

ఈ సంవాదంలో ఇద్దరూ వేళ్ళ మీద బతికినవాళ్ళే. బాబాయి విజయవాడలో ఏళ్ళ తరబడి డీటీపీ సెంటరు నడిపి, లెక్కలేనన్ని తెలుగు పుస్తకాలు కంపోజు చేసిన మనిషి. ఆయన అన్నగారి అమ్మాయి హైదరాబాదులో ఇంజనీరు. కెమెరా ముందు చెయ్యి కదిపితే కంప్యూటరుకి అర్థమయ్యేలా ప్రోగ్రాములు రాయడం ఆమె ఉద్యోగం. వాళ్ళు కలిసినప్పుడల్లా సాగే వాదన ఇది. విన్నది విన్నట్టు రాశాను. నాకు తోచింది అక్కడక్కడ బ్రాకెట్లలో పెట్టాను, ఈ విషయంలో నాకూ ఒక పక్షం ఉంది కాబట్టి.

బాబాయి: కీబోర్డు ఉంది, మౌసు ఉంది, ఫోనుకి గాజు పలక ఉంది. ఇన్ని పెట్టుకుని గాల్లో చేతులు ఊపాల్సిన ఖర్మ ఎవరికి పట్టిందమ్మాయ్?

అమ్మాయి: ఖర్మ కాదు బాబాయ్. పసిపిల్ల మాట రాకముందే వేలు చూపించి అడుగుతుంది. ఆ వేలుని చూడటం యంత్రానికి నేర్పుతున్నాం, అంతే. నిన్నా మొన్నా మొదలైన పని కూడా కాదిది. 1980లో అమెరికాలో ఎంఐటీలో రిచర్డ్ బోల్ట్ అనే ఆయన దీనికోసం ఒక గదే తయారుచేశాడు. గోడంత తెర, ఎదురుగా కుర్చీ, కూర్చున్నవాడి మణికట్టుకి చిన్న సెన్సరు. తెరమీద బొమ్మని వేలితో చూపించి "దాన్ని" అని, వేలు ఇంకోవైపు తిప్పి "అక్కడ పెట్టు" అంటే బొమ్మ అక్కడికి వెళ్ళేది.

బాబాయి: అంటే నోరు కూడా కావాల్సొచ్చింది.

అమ్మాయి: కావాల్సొచ్చింది. ఏం చెయ్యాలో నోరు చెప్పేది, ఎక్కడో చెయ్యి చెప్పేది.

బాబాయి: అదీ, అక్కడుంది కిటుకు. చెయ్యి ఒక్కటీ చాలదని ఆయనకి అప్పుడే తెలుసు. ఆ తర్వాత వచ్చినవాళ్ళే మర్చిపోయారు. ఇప్పుడు నా పని సంగతి విను. కంపోజింగు చేసేవాడి కళ్ళు చేతిరాత ప్రతి మీదుంటాయి, కీబోర్డు మీద కాదు, చాలాసార్లు తెర మీదా కాదు. ఎఫ్ మీట మీదా, జె మీట మీదా ఉబ్బెత్తుగా చిన్న గీత ఉంటుంది చూశావా? చూపుడువేళ్ళకి ఆ గీతలు తగిలితే చాలు, మిగతా వేళ్ళన్నిటికీ వాటి చోటు తెలిసిపోతుంది. మీట దిగుతుంది, దిగినట్టు వేలికి తెలుస్తుంది, అక్షరం పడుతుంది. పక్క మీట కొడితే తెర చూడకముందే వేలికి అనుమానం వస్తుంది. ఒత్తు మర్చిపోయినా అంతే, చెయ్యి అదే ఆగిపోతుంది. నీ గాల్లో ఏముంది? ఎక్కడ మొదలైందో తెలియదు, ఎక్కడ అయిందో తెలియదు. నేను గాలిని తాకుతాను సరే, అది తిరిగి నన్ను తాకాలి కదా.

అమ్మాయి: తాకించే ప్రయత్నాలు జరిగాయి. ఇంగ్లండులో బ్రిస్టల్ యూనివర్సిటీ నుంచి పుట్టిన కంపెనీ ఒకటి, చెవికి వినపడని శబ్దతరంగాల్ని అరచేతి మీద ఒకచోటికి గురిపెట్టి, ఏదో తగిలిందన్న భావన కలిగించింది.

బాబాయి: దానితో ఒక ఫారం కంపోజు చెయ్యగలవా?

అమ్మాయి: లేదు. టైపింగుకి కీబోర్డుని మించింది లేదని నేనూ ఒప్పుకుంటా. కానీ కంప్యూటరు దగ్గర జరిగేదంతా టైపింగే కాదుగా.

బాబాయి: సరే, మిగతా పనులే తీసుకో. చెయ్యి బరువెంత?

అమ్మాయి: ఒక్కో చెయ్యి ఒంటి బరువులో ఇంచుమించు ఇరవయ్యో వంతు. 60 కేజీల మనిషికి 3 కేజీలు.

బాబాయి: మూడు కేజీల బియ్యం సంచి ఛాతీ ఎత్తున చాచి పట్టుకుని పదిహేను నిమిషాలు ఈమెయిళ్ళు చూడమను. చెయ్యి దించేస్తారు. బల్ల మీద మణికట్టు ఆనించుకున్నవాడికి ఆ బాధ లేదు.

అమ్మాయి: దానికి మా వాళ్ళు గొరిల్లా చెయ్యి అని పేరే పెట్టుకున్నారు, నిలువు టచ్ స్క్రీన్ల రోజుల నుంచీ. 2010లో స్టీవ్ జాబ్స్ కూడా నిలువు తెరల మీద టచ్ కుదరదని చెప్పాడు, కాసేపటికి చెయ్యి పీకుతుందని. 2014లో కొందరు పరిశోధకులు కెమెరాతోనే భుజం మీద పడే భారాన్ని అంచనా వేసి, ఎంతసేపటికి అలసట వస్తుందో లెక్కగట్టే పద్ధతి తయారుచేశారు. కాబట్టి మాకు తెలియని సంగతేం కాదిది. అయినా ఒకటి అడుగుతా, ఇన్నేళ్ళు టైపు కొట్టిన నీ మణికట్టు ఏమంటోంది?

బాబాయి: నొప్పే. రాత్రిళ్ళు పట్టీ కట్టుకుంటా. దాచుకునేదేముంది? కానీ అది ఏళ్ళు పనిచేసి అన్నం పెట్టాక వచ్చిన నొప్పి. నీ పద్ధతిలో మొదటిరోజు మధ్యాహ్నానికే వస్తుంది. ఆ ఇంగ్లీషు సినిమాలో హీరో గ్లౌజులు తొడుక్కుని తెరలన్నీ రెండు చేతులతో అటూ ఇటూ తోసేస్తుంటే జనం నోరెళ్ళబెట్టారు. ఒక షిఫ్టంతా అలా పనిచెయ్యమను చూద్దాం.

అమ్మాయి: మైనారిటీ రిపోర్ట్, 2002. ఆ సీన్లకి సలహా ఇచ్చిన జాన్ అండర్‌కోఫ్లర్ కూడా ఎంఐటీలో చదివినవాడే. తర్వాత అలాంటి వ్యవస్థ నిజంగానే తయారుచేసి అమ్మాడు. ఆ సినిమా మా రంగానికి డబ్బు తెచ్చింది కానీ మా బుర్రలు పాడుచేసింది. ఇప్పటికీ ఎవరికి డెమో చూపించినా, చేతులు ఇంకా పెద్దగా ఊపించమంటారు.

(ఇక్కడ అమ్మాయి చెప్పినది ముఖ్యమని నా నమ్మకం. సినిమాలో చేతులు ఊపేది చూసేవాళ్ళ కోసం. కంప్యూటరు వాడేవాడికి ప్రేక్షకులుండరు, పని ఉంటుంది. చూడటానికి బాగున్నదాన్ని వాడటానికి బాగుంటుందనుకోవడం వల్లే ఈ రంగంలో ఇన్ని వస్తువులు వచ్చి పోయాయి.)

బాబాయి: మన కుర్రాడొకడు కూడా చేశాడుగా? వేళ్ళకి రంగు టోపీలు పెట్టుకుని.

అమ్మాయి: ప్రణవ్ మిస్త్రీ, గుజరాతీ. 2009లో మైసూరులో జరిగిన టెడ్ సభలో సిక్స్త్ సెన్స్ చూపించాడు. మెడలో కెమెరా, చిన్న ప్రొజెక్టరు. నాలుగు వేళ్ళు ఫ్రేములా పెడితే ఫోటో తీసేది. ఆ వీడియో చూసే నేను ఈ చదువులోకి వచ్చా. ఇంకో మాట చెప్పు బాబాయ్, ఫోన్లో ఫోటో పెద్దది కావాలంటే ఏం చేస్తావు?

బాబాయి: రెండు వేళ్ళు పెట్టి విడదీస్తా.

అమ్మాయి: ఎవరు నేర్పారు నీకు? మాన్యువల్ చదివావా? అదీ సైగే కదా. 1980లలో మైరన్ క్రూగర్ అనే కళాకారుడు కెమెరా ముందు జనాన్ని నిలబెట్టి, తెరమీద వాళ్ళ నీడల వేళ్ళతో అలాగే సాగదీయించాడు, కుదించాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2007లో ఐఫోన్ వచ్చాక ఇప్పుడు ఊళ్ళో ముసలమ్మ కూడా మనవడి ఫోటో అలాగే చూస్తోంది.

బాబాయి: నా వాదనకే సాక్ష్యం తెచ్చావు తల్లీ. గాల్లో ఉన్నంతకాలం ఎవరూ పట్టించుకోలేదు, గాజు మీదికి దిగాకే బతికింది. వేలికి కింద ఆసరా దొరికింది. ఎప్పుడు తాకామో, ఎప్పుడు తీశామో ఫోనుకీ తెలుసు, మనకీ తెలుసు.

అమ్మాయి: (కాసేపాగి) ఆ దెబ్బ తగిలింది. సరే, తాకడం, తీయడం, దాని గురించే మాట్లాడదాం. మా పనిలో అసలు కష్టం అదే. చెయ్యి కనిపెట్టడం ఇప్పుడు పెద్ద విషయం కాదు. 2019లో గూగుల్ ఉచితంగా ఇచ్చిన మీడియాపైప్ అనే సాధనంతో మామూలు ఫోను కెమెరాయే పట్టేస్తుంది. ముందు అరచెయ్యి ఎక్కడుందో వెతుకుతుంది, తర్వాత దాని మీద 21 గుర్తులు పెడుతుంది. మణికట్టుకి ఒకటి, ఒక్కో వేలికి నాలుగు. బొటనవేలి కొసా చూపుడువేలి కొసా కలిస్తే నొక్కినట్టు లెక్క. చెప్పడానికి సులువే. కానీ చెయ్యి కెమెరాకి దూరమైతే రెండు కొసల మధ్య దూరం కూడా చిన్నదవుతుంది. అందుకని ఆ దూరాన్ని అరచేతి పొడవుతో భాగిస్తాం. అక్కడితో అయిపోలేదు. ఇంత దూరం లోపుంటే కలిసినట్టు అని ఒకే గీత గీస్తే, ఆ గీత దగ్గర వేళ్ళు సన్నగా వణికినా నొక్కింది, వదిలింది, నొక్కింది అని పది క్లిక్కులు పడతాయి. కాబట్టి గీతలు రెండు. కలిసినట్టు ఒప్పుకోవాలంటే బాగా దగ్గరకి రావాలి, వదిలినట్టు ఒప్పుకోవాలంటే బాగా దూరం పోవాలి. పైగా ఒక్క ఫ్రేము చూసి నమ్మకూడదు. సెకనుకి 30 ఫ్రేములొస్తే, మూడు ఫ్రేములు వరసగా అదే చెప్పాలి. అప్పటికి సెకనులో పదోవంతు గడిచిపోతుంది, మనిషికి అది ఆలస్యంగా తెలుస్తుంది. ఆలస్యం తగ్గిస్తే తప్పుడు క్లిక్కులు పెరుగుతాయి, తప్పులు తగ్గిస్తే ఆలస్యం పెరుగుతుంది. నా ఉద్యోగంలో సగం రోజులు ఈ రెంటి మధ్యే గడుస్తాయి.

బాబాయి: మీటకి ఈ బాధ లేదు. దిగితే దిగినట్టు.

అమ్మాయి: లేదు. ఇంకో బాధ కూడా లేదు. మీట ముందు నువ్వు ముక్కు గోక్కున్నా అది పట్టించుకోదు. కెమెరా చూస్తుంది. ఏది తనతో చెప్పిన మాటో, ఏది పక్కవాడితో చెప్పిన మాటో దానికి తెలియాలి. సైగని గుర్తుపట్టడం కంటే, సైగ కానిదాన్ని వదిలెయ్యడం చాలా కష్టం.

బాబాయి: అందులోనూ మనవాళ్ళు. చేతులు కట్టేస్తే మాట రానివాళ్ళు. పైగా ఎవరి సైగ నేర్పుతున్నారు దానికి? మనిషిని రమ్మనాలంటే మనం అరచెయ్యి కిందికి పెట్టి వేళ్ళు లోపలికి ఆడిస్తాం. అమెరికావాడు అరచెయ్యి పైకి పెడతాడు. మనం రమ్మన్నది వాడికి టాటా చెప్పినట్టుంటుంది. సహజం సహజం అంటారు, ఎవరి సహజం?

అమ్మాయి: డాన్ నార్మన్ అనే డిజైన్ పండితుడు 2010లో రాసింది ఇదే. సహజమైన సైగలంటూ పేరు పెడతారు గానీ అవేమీ సహజం కావు, అన్నీ నేర్చుకోవాల్సినవే అని. నింటెండో వీ సంగతి కూడా ఎత్తాడు. చేతిలో రిమోటు పట్టుకుని బౌలింగు ఆడుతూ, బంతి వదిలినట్టు రిమోటునే వదిలేసేవాళ్ళు. టీవీలు పగిలాయి. 2006లో వీ వచ్చిన కొద్ది వారాలకే కంపెనీ మణికట్టు తాళ్ళు మార్చి గట్టివి ఇచ్చింది. కానీ బాబాయ్, నేర్చుకోవాల్సిందయితే తప్పేమిటి? నువ్వు కీబోర్డు పుట్టుకతో నేర్చావా? కూచిపూడి చూడు. అభినయ దర్పణం ఒంటిచేతి హస్తాలే 28 చెబుతుంది. ఏళ్ళు సాధన చేస్తారు.

బాబాయి: మంచిదే ఎత్తావు. పతాకం పట్టి చూపించు. అదే పతాకం నాట్యారంభానికి, అదే మబ్బుకి, అడవికి, వద్దనడానికి. మరి చూసేవాడికి ఎలా తెలుస్తోంది? వెనక పాట ఉంది, చూపు ఉంది, మొహం ఉంది. తెరవెనక పాట ఆపేసి, మొహానికి ముసుగేసి, చెయ్యి మాత్రం చూపిస్తే ఏ రసికుడికి అర్థమవుతుంది? నీ యంత్రానికి ఆ ఒంటిచెయ్యే చూపిస్తున్నావు.

అమ్మాయి: చూపిస్తున్నాం కాదు, చూపించేవాళ్ళం అను. ఇన్నేళ్ళ ఓటములు నేర్పింది సరిగ్గా అదే. 2010 నవంబరులో మైక్రోసాఫ్ట్ కినెక్ట్ వచ్చింది. రెండు నెలల్లో 80 లక్షలు అమ్ముడై గిన్నిస్ కెక్కింది, 2017కల్లా తయారీ ఆగిపోయింది. 2013లో బల్ల మీద పెట్టుకునే లీప్ మోషన్ వచ్చింది, వేళ్ళని అద్భుతంగా చూసేది, మౌసుని మాత్రం కదిలించలేకపోయింది. అదే ఏడు శాంసంగ్ గెలాక్సీ ఎస్4లో గాల్లో చెయ్యి ఊపితే పేజీ కదిలేది, ఎవరికి గుర్తుంది ఇప్పుడు? 2019లో గూగుల్ పిక్సెల్ 4లో చిన్న రాడార్ చిప్పే పెట్టారు. అది 60 గిగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేసేది. ఇక్కడ ఆ తరంగాలకి అనుమతి రాక, ఆ ఫోను మన దేశానికే రాలేదు. మరుసటి ఏడు వచ్చిన పిక్సెల్ 5లో రాడార్ తీసేశారు. వీటిలో చాలావాటిలో చెయ్యి ఒంటరే. ఇప్పుడు యాపిల్ విజన్ ప్రో చూడు, 2024 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో చెయ్యి వెతకదు, చూపించదు. కన్ను దేన్ని చూస్తోందో లోపలి కెమెరాలు పట్టుకుంటాయి. చెయ్యి చేసే పనల్లా రెండు వేళ్ళు కలపడం, అదీ ఒళ్ళో పెట్టుకునే. కింది వైపు చూసే కెమెరాలున్నాయి కాబట్టి పైకెత్తక్కర్లేదు. నీ బియ్యం సంచి దిగిపోయింది. కన్ను "ఇది" అంటుంది, చెయ్యి "ఊఁ" అంటుంది.

బాబాయి: ధర?

అమ్మాయి: 3,499 డాలర్లు.

బాబాయి: మౌసు మూడొందలు.

(డబ్బు మాట తేలిగ్గా తీసేసేది కాదు. అయినా ధరలు దిగుతాయి. నాకు ఇక్కడ పట్టుకోదగ్గది వేరే కనిపిస్తోంది. గది నిండా ఊపిన చేతుల నుంచి ఒళ్ళో కలిసిన రెండు వేళ్ళ దాకా సైగ చిన్నదవుతూ వచ్చింది. బాబాయి అడిగిన ఆసరా కూడా అందులోనే దొరికింది. బొటనవేలిని తాకేది చూపుడువేలే కదా, గాలి కాదు.)

అమ్మాయి: ఇంకోటి విను. ఆపరేషను చేస్తున్న డాక్టరు చేతికి స్టెరైల్ గ్లౌజులుంటాయి. మధ్యలో స్కాను చూడాలి. మౌసు ముట్టుకుంటే గ్లౌజు మార్చాలి. లేదంటే పక్కన ఇంకొకరిని నిలబెట్టి "ముందుకి, ఇంకొంచెం, కాదు వెనక్కి, ఆ ఒకటే" అంటూ ఉండాలి. రక్తనాళం ఎక్కడ ఉబ్బిందో తను తిప్పి చూసుకుంటే తెలిసేది ఇంకొకరి చేత తిప్పిస్తే తెలియదు. 2011లో టొరంటోలో సన్నీబ్రూక్ ఆస్పత్రిలోనూ, 2012లో లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలోనూ కినెక్ట్ పెట్టి సర్జన్లు వాళ్ళే తిప్పుకున్నారు. ఇక్కడ నీ కీబోర్డు ఏం చేస్తుంది?

బాబాయి: ఏం చెయ్యదు. అక్కడ నాకు మాట లేదు. కాకపోతే ఆ కినెక్ట్ తయారీ ఆగిపోయిందని ఇందాక నువ్వే అన్నావు. ఆటబొమ్మగా అమ్ముడుపోకపోతే ఆస్పత్రిలో పనికొచ్చేదీ ఆగిపోవాలా? అవసరం ఉన్నది పదిమందికి, డబ్బు పెట్టేది కోటిమందికి.

అమ్మాయి: ఒక్కోసారి తిరగబడి కూడా జరుగుతుంది. 2021లో యాపిల్ వాచీలో ఒక సదుపాయం పెట్టారు. ఒక చెయ్యి లేనివాళ్ళు వాచీని రెండో చేత్తో నొక్కలేరు కదా. వాచీ కట్టుకున్న చేతి పిడికిలి బిగించినా, వేళ్ళు కలిపినా అది గుర్తుపట్టేలా చేశారు. కెమెరా లేదు. మణికట్టు కదలిక, రక్తప్రవాహంలో తేడా, అంతే. 2023లో అదే ఆలోచన అందరి చేతికీ వచ్చింది, రెండుసార్లు వేళ్ళు తాటిస్తే ఫోను ఎత్తేలా. పదిమంది కోసం చేసినది కోటిమందికి పోయింది. 2025 సెప్టెంబరులో మెటా తెచ్చిన కళ్ళజోడుకి తోడు ఒక మణికట్టు పట్టీ ఇచ్చారు, అది కండరాలకి వెళ్ళే విద్యుత్ సంకేతాల్నే చదువుతుంది. కృత్రిమ చేతులు దశాబ్దాలుగా పనిచేసే సూత్రమే. చెయ్యి పోయినా ముంజేతి కండరంలో ఆ సంకేతం మిగిలి ఉంటుంది.

బాబాయి: ఇది వినడానికి బాగుంది. మాట రానివాళ్ళ సంగతి? వాళ్ళకి చేతులే భాష కదా.

అమ్మాయి: అక్కడ మా రంగం తొందరపడింది. 2016లో వాషింగ్టన్ యూనివర్సిటీ విద్యార్థులిద్దరు సంజ్ఞా భాషని మాటలుగా మార్చే గ్లౌజులు చేశారు, బహుమతి వచ్చింది, పేపర్లన్నీ రాశాయి. బధిరులు మాత్రం గట్టిగా తప్పుపట్టారు. సంజ్ఞా భాషలో కనుబొమ్మ ఎత్తడం, పెదవి కదలిక, భుజం వాలు, అన్నీ వ్యాకరణమే. గ్లౌజుకి అవేమీ కనపడవు. పైగా వినగలిగినవాడు ఏమీ నేర్చుకోనక్కర్లేదు, గ్లౌజు తొడుక్కునే శ్రమ వినలేనివాడిదే. మన దేశంలో భారతీయ సంజ్ఞా భాషకి ఢిల్లీలో 2015లో కేంద్రం పెట్టి, పదివేల పదాల నిఘంటువు చేశారు. దాన్ని తయారుచేసినవాళ్ళతో, రోజూ ఆ భాషలో బతికేవాళ్ళతో కూర్చోకుండా అక్కడ మేం ఒక్క లైను కోడు కూడా రాయకూడదు.

బాబాయి: ఇలా మాట్లాడితే నీతో పోట్లాట పెట్టుకోబుద్ధి కాదు. కానీ నా అసలు భయం ఇంకోటి. కీబోర్డుకి నేను కొట్టిందే తెలుసు. నీ కెమెరా నేను కొట్టనిది కూడా చూస్తుంది. నా చెయ్యి వణుకుతోందనుకో, డాక్టరు కంటే ముందు దానికి తెలుస్తుంది. కోపంతో బల్ల చరిచానా, సిగరెట్టు పట్టానా, పక్కనెవరున్నారు, అన్నీ. ఇందాక రాడార్ అన్నావే, ఫోన్లోంచి తీసేశాక అదేమైంది?

అమ్మాయి: 2021లో మంచం పక్కన పెట్టుకునే నెస్ట్ హబ్‌లోకి వచ్చింది. మనిషి ఊపిరి, కదలికా చూసి నిద్ర ఎలా పట్టిందో చెప్పడానికి.

బాబాయి: చూశావా!

అమ్మాయి: రాడార్‌కి బొమ్మ కనపడదు బాబాయ్. అదీ మనం కావాలని ఆన్ చేస్తేనే. నేను రాసే దాంట్లో కూడా వీడియో ఫోను దాటి పోదు. 21 గుర్తుల లెక్క అక్కడికక్కడే అవుతుంది, ఫ్రేము చెరిగిపోతుంది.

బాబాయి: నువ్వు రాసే దాంట్లో. పక్కవాడు రాసే దాంట్లో? కెమెరాకి అడ్డం తలుపు ఉండాలి, చేత్తో మూసేది. సాఫ్ట్‌వేరులో ఆఫ్ కాదు, నిజంగా మూసుకుపోయే తలుపు. చేతులు ఊరికే ఉండే హక్కు కూడా మనిషికుంది. నేను నా మనవరాలితో మాట్లాడుతూ చేతులు తిప్పితే, దాన్ని చదివి ఏదో ఒకటి చేసే యంత్రం నా ఇంట్లో ఉండకూడదు.

అమ్మాయి: తలుపు మాట మా వాళ్ళకి చెబుతా. కానీ నువ్వూ నాకొక సాయం చెయ్యాలి. మా డేటాలో అన్నీ కుర్రాళ్ళ చేతులే. కీళ్ళు ఉబ్బినవి, బిగుసుకున్నవి, వణికేవి లేవు. అందుకే పెద్దవాళ్ళు వాడితే ఆ రెండు గీతలూ తప్పుతున్నాయి, వేళ్ళు పూర్తిగా కలవవు, పూర్తిగా విడిపోవు. నీ చేతులు ఒక అరగంట వీడియో తీసుకోనిస్తావా?

బాబాయి: మొహం రాకూడదు.

అమ్మాయి: రాదు. మణికట్టు నుంచే.

బాబాయి: వద్దన్న రోజున తీసెయ్యాలి.

అమ్మాయి: వీడియో తీసేస్తా. కానీ దాన్ని చూసి మోడల్ నేర్చుకున్నది ఉంటుందే, అందులోంచి నీ చేతుల్ని వేరుచేసి తియ్యడం ఇప్పటికి నమ్మకంగా చెయ్యగలిగే పని కాదు. మళ్ళీ మొదటినుంచీ నేర్పాలి, దానికి కంపెనీ ఒప్పుకోదు.

బాబాయి: అది కాగితం మీద రాసి ఉందా, మీరు సంతకం పెట్టించుకునే దాంట్లో?

అమ్మాయి: లేదు.

బాబాయి: ముందు అది రాయించుకురా. తెలుగులో, నేను చదవగలిగే సైజులో. కంపోజింగు కావాలంటే నేనే చేసిపెడతా. చేతుల సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.